తీగ ముట్టుకోవద్దు

ఖమైస్ బాబాయ్ సముద్రంలోకి వెళ్లి పదకొండు రోజులు. ఆయన పడవ ఖాళీగా దొరికి నాలుగు రోజులు. మనిషి మాత్రం దొరకలేదు. ఆయన మెడలో వేసుకెళ్లిన పెట్టె నేను చేసింది. అరచేతిలో ఇమిడే పసుపు పెట్టె. ఆపదొస్తే ఎర్ర బటన్ నొక్కితే చాలు, వాళ్ల దీవి ఒడ్డున మేం పాతిన రేడియో స్తంభానికి కబురు అందాలి. అందలేదు. "పెట్టెలో లోపం లేదు, దారిలో ఆర్పేసి ఉండవచ్చు" అని ఆయన వెళ్లిన మర్నాడు పొద్దున్నే విచారణ కాగితం మీద సంతకం పెట్టిందాన్ని నేనే. ఊరంతా ఆ మాట పట్టుకుంది. కాదన్నది ఒక్క మనిషి, ఆయన భార్య మబ్రూకా పిన్ని. "వెలిగించే వెళ్లాడు. నేను చూశాను" అంది. పడవలో దొరికిన ఆ పెట్టెను నా ఒళ్లో పడేసి, "నన్ను నమ్మరుగా, దీన్నే అడుగు" అని తలుపేసుకుంది. పోయిన వారం కథ ఆ మూసిన తలుపు ముందే ఆగింది.

అడిగాను. అది చెప్పింది. చెప్పకపోతేనే బాగుండేది.

దీవికి ఎదురొడ్డున ఉన్న స్ఫాక్స్ పట్టణంలో మా ప్రయోగశాల అంటే పెద్దగా ఊహించుకోకండి. మూతపడిన ఆలివ్ గానుగ వెనక గది. ఎంత కడిగినా ఎండెక్కితే గోడలు నూనె వాసన కొడతాయి. ఉండేది ఇద్దరం. లెక్కలు కట్టి బొమ్మ గీసేది నేను, బోర్డు మీద రాగి తీర్చి టంకం పెట్టేది మోంగి గారు. అరవై దాటినాయన. రేడియోలు బాగుచేస్తూ బతికిన మనిషి. చేతికి ఇంకా వణుకు రాలేదు, నోటికి మాత్రం పుట్టుకతోనే తాళం.

పొద్దున ఏడింటికి ఆయన పెట్టె విప్పి, చచ్చిన బ్యాటరీ తీసి కొత్తది పెట్టారు. పెట్టె లోపల చిన్న జ్ఞాపకం ఉంటుంది. ఎప్పుడు వెలిగింది, ఎప్పుడు బటన్ నొక్కారు, అన్నీ రాసుకుంటుంది. దాన్ని తెర మీదికి తెచ్చి కళ్లజోడు సవరించుకున్నారు.

"పొద్దున ఐదూ నలభైకి వెలిగించాడు, ఆర్పనే లేదు" అన్నారు.

నా నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపోయింది.

"సాయంత్రం నాలుగూ పన్నెండుకి ఎర్ర బటన్. మళ్లీ నాలుగూ ఇరవైకి. మళ్లీ..." ఆయన వేలు తెర మీద కిందికి దిగుతూనే ఉంది. "మర్నాడు పదకొండూ ఐదుకి ఆఖరిది. ఆ తర్వాత బ్యాటరీ లేదు."

"ఎన్నిసార్లు?"

ఆయన తెరను నా వైపు తిప్పారు. నేనే లెక్కపెట్టాను. అరవై మూడు.

పందొమ్మిది గంటల పాటు ఆ మనిషి పిలిచాడు. ఆ పందొమ్మిది గంటలూ మేం చేపలు పట్టడానికి ఆయన ఒడ్డు దగ్గర పాతిన ఈతమట్టల కంచెల చుట్టూ, మోకాలిలోతు నీళ్లలో వెతికాం. దూరం పోయేవాడైతే పెట్టె ఆర్పి ఉండడని, దగ్గర్లోనే ఉంటాడని అక్కడ వెతకమన్నదీ నేనే. ఆయనేమో ఇంజిను చెడి, దక్షిణానికి కొట్టుకుపోతూ, పెట్టెను తెడ్డు చివర తన తలగుడ్డతో కట్టి ఎత్తుగా నిలబెట్టాడు. పడవ దొరికినప్పుడు అది అలాగే ఉంది. ఎత్తులో ఉంటే పిలుపు దూరం పోతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. తనంతట తనకే తోచింది.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అందరిలాగే నేనూ పక్కవాడి మీద పడ్డాను.

"టంకం ఊడి ఉంటుంది! చూడండి, ఎక్కడో ఊడే ఉంటుంది!"

"నా టంకం ఊడదు" అన్నారాయన.

భూతద్దం పెట్టి చూశాను. నిజమే, ఊడలేదు. చుక్క నీళ్లు దూరలేదు. రాగి గీతలు నిన్న గీసినట్టు మెరుస్తున్నాయి.

ఆ గీతల గురించి చెప్పాలి. అవే నా గర్వం. పెట్టె మూడు గొంతులతో మాట్లాడాలి. తానెక్కడుందో ఆకాశంలోని ఉపగ్రహాల నుంచి వినాలి. ఫోను టవరు దగ్గరుంటే దానితో మాట్లాడాలి. టవరు అందనంత దూరం పోతే నేరుగా మా స్తంభాన్ని పిలవాలి. మామూలుగా అయితే మూడింటికీ మూడు యాంటెన్నాలు, పైగా ఆ మూడోదానికి మూరెడు కడ్డీ. కడ్డీ చూపిస్తే ఖమైస్ బాబాయ్ నవ్వేశాడు. "ఇంజనీరమ్మా, నేను ఆక్టోపస్‌లు పట్టే కుండలు నీళ్లలోంచి లాగాలా, నీ కడ్డీకి చుట్టుకున్న తాళ్లు విప్పుకోవాలా? మెడలో వేసుకుంటే మర్చిపోయేలా ఉండాలి. రెండు కాఫీల ఖర్చులో రావాలి. లేకపోతే ఎవడూ కొనడు, నాతో సహా." అందుకని కడ్డీ తీసేసి, చౌక పచ్చ బోర్డు మీద ఖర్జూరం పండంత చోటులో, మడతల మీద మడతలు పెట్టి మూడు గొంతులూ ఒకే రాగి గీతలో ఇరికించాను. మూడోదాని తరంగం మూరన్నర పొడవుంటుంది. దాన్ని అంత చిన్న బోర్డులో పట్టించానని ఎంత మిడిసిపడ్డానో!

మోంగి గారు కొలిచే యంత్రం నుంచి తీగ తెచ్చి బోర్డుకు తగిలించారు. తెర మీద గీత మూడు చోట్ల లోతుగా దిగింది. అలా దిగితే మూడు గొంతులూ బాగున్నట్టే.

"చూశారా? బంగారంలా ఉంది. మరి ఎందుకు వినపడలేదు?" అన్నాను.

ఆయన బల్లమీద అతికించిన చీటీ మీద వేలు పెట్టారు. రెండేళ్లుగా అక్కడే ఉంది, అంచులు పసుపెక్కాయి. నా చేతిరాత. 'తీగ ముట్టుకోవద్దు. డలెండా.'

"ఇదెందుకు రాశావో గుర్తుందా, అమ్మాయ్?"

గుర్తుంది. ఆయనొకరోజు పొరపాటున తీగ పట్టుకుంటే తెర మీద గీత ఎగిరిపడింది. "చెయ్యి తియ్యండి, కొలత పాడవుతోంది!" అని కసిరాను. కసిరి, చీటీ రాసి అతికించాను.

ఇప్పుడు ఆయన కావాలనే తీగను పిడికిట్లో పట్టుకున్నారు, బోర్డుకు మూరెడు దూరంలో. మూడో లోయ కదిలింది. చెయ్యి జరిపితే గీతా జరిగింది.

"యాంటెన్నా అక్కడుంది. నేను పట్టుకుంది ఇక్కడ. ఇక్కడ పట్టుకుంటే దానికెందుకమ్మా నొప్పి?"

స్టూలు మీద కూలబడ్డాను.

ఇంత చిన్న బోర్డుకి అంత పెద్ద తరంగాన్ని మోసే చోటు లేదు. అది పక్కనున్న తీగ మీదికి పాకింది. పిలిచింది ఆ తీగ. నేను బోర్డు పిలిచిందనుకున్నాను. సముద్రం మీద పరీక్షలప్పుడూ అంతే. ఖమైస్ బాబాయ్ పడవలోనే కూర్చున్నాం. పెట్టె ఆయన మెడలో, దాని నుంచి నా ఒళ్లో ల్యాప్‌టాప్‌కి తీగ. దీవి కనపడనంత దూరం పోయినా స్తంభానికి అందింది. ఆయన చప్పట్లు కొట్టాడు. పరీక్ష అయ్యాక తీగ పీకేసి, పెట్టె మూసి, ఇక నీదే బాబాయ్ అని ఆయనకిచ్చేశాను.

అయినా మోంగి గారు పెట్టెను పెరట్లో గోడ మీద పెట్టి, అవతలి చివర నుంచి విని చూశారు. తీగ ఉంటే గట్టిగా వినపడింది. తీసేస్తే ఉందా లేదా అన్నట్టు. పచ్చ దీపం మాత్రం రెండుసార్లూ ఒకేలా వెలిగింది. బ్యాటరీ ఉందని చెప్పడం తప్ప ఆ దీపానికి ఇంకేం తెలియదు. అదీ నేను పెట్టిందే.

"మీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"అనుమానం ఉండేది" అన్నారు తల దించుకుని. "నువ్వు పెద్ద చదువులు చదివినదానివి. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. చీటీ కూడా రాశావు కదా అని ఊరుకున్నాను."

తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

పెట్టెలు మొత్తం ముప్ఫై ఎనిమిది. అందరి నంబర్ల జాబితా ఆయన ముందు పెట్టాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పెట్టెను నమ్ముకుని దూరం పోవద్దని చెప్పమన్నాను. ఆయన వేలు సాసి పేరు దగ్గర ఆగింది. సాసి ఖమైస్ బాబాయ్ కొడుకు, ఇరవై నాలుగేళ్లవాడు.

"వాడిది కొట్టెయ్యండి. ఆ ఇంటికి నేనే వెళ్తున్నా కదా, ఎదురుగా చెబుతాను. తండ్రి పోయిన ఇంట్లో నలభయ్యో రోజు దాకా వల ముట్టరు, ఇంట్లోనే ఉంటాడు."

ఆయన ఆ పేరు కొట్టేశారు.

దీవికి వెళ్లే పెద్ద పడవ, లూద్, ఎక్కితే గంటకు పైనే. కార్ల మధ్య గొర్రెలు, గొర్రెల మధ్య మనుషులు. రెయిలింగు దగ్గర ఇద్దరు బెస్తవాళ్లు మాట్లాడుకుంటున్నారు. నేనెవరో వాళ్లకు తెలియదు.

"ప్రాణం కాపాడే వస్తువు మెడలో కడితే బ్యాటరీ మిగుల్చుకున్నాడట మహానుభావుడు."

"మొండిఘటం! పెళ్లాం మాటే వినేవాడు కాదు, పెట్టె మాట వింటాడా?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు నా సంతకంలోంచి వచ్చింది. వెళ్లి చొక్కా పట్టుకుని చెబుదామనిపించింది, కానీ ముందు వినాల్సిన మనిషి వేరే ఉంది. ఒళ్లో పెట్టె పట్టుకుని దీవి వచ్చేదాకా నీళ్ల వైపు చూడకుండా కూర్చున్నాను.

మబ్రూకా పిన్ని వాకిట్లో కూర్చుని మట్టికుండల మెడలకు తాళ్లు ముడేస్తోంది. వెనక తీగ మీద ఆక్టోపస్‌లు ఎండుతున్నాయి. ఒంటి మీద ఎర్రచారల బట్టలే. తెల్లవి కట్టలేదు. ఇమాము వచ్చి, శవం లేకపోయినా ప్రార్థన చేయిద్దామంటే గుమ్మం దాటనివ్వలేదట.

"వచ్చావా? ముందు తిను, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో" అంది. నేను వద్దనేలోపే బార్లీ గంజి గిన్నె చేతిలో పెట్టింది. దాన్లో ఆక్టోపస్ ముక్క. ఆయన పట్టి ఎండబెట్టినవాటిలోదే అయ్యుంటుంది. గిన్నె పక్కన పెట్టాను.

"పిన్నీ, నువ్వన్నదే నిజం. వెలిగించే వెళ్లాడు. ఆర్పలేదు."

ఆవిడ చేతిలో ముడి ఆగింది. గట్టిగా ఊపిరి వదిలింది. ఆమె పెదవుల మీద నవ్వులాంటిది కదిలింది. అసలు మాట ఇంకా వెనకే ఉంది.

"చెప్పానా? ముప్ఫై ఏళ్లు కాపురం చేశాను, నాకు తెలియదూ? పొద్దున్నే గుమ్మంలో నేనే గుండీ పెట్టాను. చొక్కా కింద నుంచి పచ్చగా కనిపించింది. ఇదేంటి మిణుగురుపురుగులా అన్నాను. అదేనే డలెండా పెట్టె, అన్నాడు." మళ్లీ తాడు అందుకుంది. "మరి వెలిగిస్తే ఎందుకు పలకలేదు?"

పెట్టె చెడింది, ఉప్పునీళ్లు దూరాయి, ఆ రోజు గాలి బాగాలేదు. దారి పొడుగునా ఇలాంటివి చాలా పేర్చుకున్నాను. ఆవిడ కళ్లలోకి చూశాక ఒక్కటీ రాలేదు.

"నా తప్పు పిన్నీ. పెట్టె ఎప్పుడూ పలకలేదు. పక్కనున్న తీగ పలికింది. పెట్టే పలికిందనుకుని నేను తీగ తీసేసి ఇచ్చాను."

"నాకర్థమయ్యేలా చెప్పు."

చెప్పాను. బల్లమీద చీటీ గురించి కూడా చెప్పాను. చివరికి, "అంటే ఆయన పిలిచాడా?" అంది.

"పిలిచాడు."

"ఎన్నిసార్లు?"

"పిన్నీ, అదెందుకిప్పుడు..."

"ఎన్నిసార్లే!"

"అరవై మూడు. మర్నాడు పదకొండింటి దాకా."

ఆవిడ లేచింది. కొడుతుందనుకున్నాను, కొట్టమనే కూర్చున్నాను. కొట్టలేదు. వాకిలి చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లింది. "పదకొండింటికి నేను రొట్టె కాలుస్తున్నాను" అంది. "పక్కింటామె, నీ మొగుడు దీపం ఆర్పేశాడటగా అంటే దాంతో పోట్లాడుతూ రొట్టె మాడబెట్టాను. ఆ రొట్టె పారేశాను. అప్పుడు ఆయన నొక్కుతున్నాడా? నొక్కుతూ, ఈ పిల్ల వింటుంది, వస్తారు అనుకుంటూ కూర్చున్నాడా?"

వెక్కివెక్కి ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. నా ముందు చతికిలబడి, నా సంచి పక్కనున్న పెట్టె తీసి నా చేతిలో పెట్టింది.

"చూపించు. తీగ లేకుండా ఒకసారి, ఉండి ఒకసారి. నా కళ్లతో చూడాలి. రేపు ఊళ్లో వాళ్ల మొహాన కొట్టాలి."

ఊళ్లో ఫోను టవరు అందుతుంది గనుక ఆ గొంతు ఆపేసి, ముందు తీగ లేకుండా ఎర్ర బటన్ నొక్కాను. పచ్చ దీపం హాయిగా వెలుగుతోంది. ఏమీ జరగలేదు. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. తర్వాత సంచిలోంచి మూరన్నర తీగ తీసి, తగిలించి, మళ్లీ నొక్కాను.

నిమిషం కాలేదు, నా ఫోన్ మోగింది. జలూల్. దీవి అవతలి కొసన స్తంభం కింద కూర్చుని తెర చూసే మనిషి. ఒక్కో పెట్టె ఆ తెర మీద ఒక్కో చుక్క. వాడి సంగతి నాకు తోచనే లేదు.

"డలెండా! దొరికాడు!" వాడి అరుపు వాకిలంతా వినపడింది. "ఖమైస్ బాబాయ్ పెట్టె పలుకుతోంది! ఎర్ర బటన్ నొక్కుతున్నాడు! బతికే ఉన్నాడు, ఊరి వైపే వచ్చేశాడు! పిన్నికి చెప్పు, ముందు పిన్నికి చెప్పు!"

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, మబ్రూకా పిన్ని గుమ్మం వైపు చూసింది. పెట్టె నా చేతిలోనే ఉందని తెలిసీ చూసింది. అప్పుడు వచ్చాయి ఆవిడకు కన్నీళ్లు.

"అది నేను, జలూల్" అన్నాను. "వాళ్లింట్లోనే ఉన్నాను. నొక్కింది నేను."

ఈలోగా పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది, తుడుచుకుంటూనే చటుక్కున ఆగింది. నా మణికట్టు పట్టుకుంది.

"సాసి పెట్టె కూడా ఇలాంటిదేనా?"

"అన్నీ ఒకటే పిన్నీ. అందుకే వాడితో ఎదురుగా చెబుదామని వచ్చాను. ఎక్కడ, లోపల పడుకున్నాడా?"

"తెల్లారకుండా వెళ్లాడు."

"ఎక్కడికి?"

"వాళ్ల నాన్నని వెతకడానికి. దక్షిణానికి, పడవ దొరికిన చోటు దాటి. చావు ఒప్పుకోని ఇంట్లో సంతాపం ఏమిటి, నేనే వెళ్లమన్నాను." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "అంత దూరం ప్రమాదం కదరా అంటే, నాన్నలా మొండికేయనులే అమ్మా, పెట్టె వేసుకునే వెళ్తున్నా, అన్నాడు."

ఆక్టోపస్‌లు వేలాడే తీగ అప్పుడే కిర్రుమంది. పొద్దుటి నుంచి లేని గాలి లేచింది, సముద్రం వైపు నుంచి. మోంగి గారి జాబితాలో కొట్టేసిన పేరు నా కళ్ల ముందు ఆడింది. నేనే కొట్టించాను.

"జలూల్, ఉన్నావా? తెర మీద సాసి చుక్క చూడు. తొందరగా."

"సాసిదా?" కుర్చీ జరిగిన చప్పుడు. "తొమ్మిదిన్నరకు టవరు దాటేదాకా ఉంది. ఆ తర్వాత లేదు. దీపం ఆర్పేసి ఉంటాడు డలెండా, వాళ్ల నాన్న పోలికే కదా."

మబ్రూకా పిన్ని నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"వెలిగించే వెళ్లాడు" అంది. "నేను చూశాను."